పూల సేటు వద్దన్న రోజు

రిటైరైన డాక్టరు ఇంటికి సలహా కోసం వచ్చే పిల్లలు రెండు రకాలు. ఏ పీజీ చేస్తే సంపాదన బాగుంటుందని అడిగేవాళ్లు మొదటి రకం. వాళ్లకు టీ ఇచ్చి పంపిస్తాను. "మేడం, క్లినికల్ రీసెర్చిలోకి రావాలనుకుంటున్నం, ఆ పని నిజంగా ఎట్లుంటది?" అని అడిగేవాళ్లు రెండో రకం. వీళ్లకు టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా పెడతాను. నా జవాబు పొడుగ్గా ఉంటుంది, మధ్యలో లేచి వెళ్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మధ్య గొంతు పాడై మాట తగ్గించమన్నారు. చెప్పాల్సిన మాట మాత్రం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, కొంచెం ఆలస్యంగా వచ్చాయి, అంతే. పరిశోధన పత్రాల చిట్టా కూడా విప్పను. మా షాలిబండ ఇంట్లో అటక మీద అవి ఉన్నాయి, వాటిని చదివేది ఇప్పుడు చెదపురుగులే.

నేను మందుల శాస్త్రం పాఠం చెప్పేదాన్ని, మందుల పరీక్షలు నడిపేదాన్ని. పాతబస్తీలోని ఒక పెద్దాసుపత్రిలోనే ఉద్యోగమంతా గడిచింది. రీసెర్చి అనగానే పిల్లలకు మైక్రోస్కోపు, కంప్యూటరు, విదేశీ కాన్ఫరెన్సు గుర్తొస్తాయి. అసలు పని అదేం కాదు. జ్వరంతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని, అతనికి అర్థమయ్యేలా ఒక విషయం చెప్పి, అతను వద్దంటే నవ్వుతూ లేచి రావడం, అదీ పని. మిగతాదంతా ఎవరికైనా ఆరు నెలల్లో నేర్పొచ్చు. ఇది నేర్చుకోవడానికి మాకు మహమ్మారి రావాల్సి వచ్చింది. నేర్పింది ప్రొఫెసర్లు కాదు, ఇంకా పట్టా కూడా చేతికి రాని పిల్లలు.

వచ్చిన పిల్లలు

కరోనా మొదలైన కొత్తలో కాలేజీ మూసేశారు. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలింది ఇళ్లు ఇక్కడే ఉన్న పిల్లలు. వాళ్లకు ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. నేను ఎదురుగా నిలబడి చెప్తేనే ఆవలించేవాళ్లు, ఇక ఫోనులో చెప్తే ఏం చేసుంటారో మీరే ఊహించుకోండి.

అదే సమయంలో చాలా ఊళ్లలో ఒకేసారి నడిచే ఒక మందు పరీక్ష మా ఆసుపత్రికీ వచ్చింది. వేరే జబ్బుకు ఎప్పటినుంచో వాడుతున్న ఒక మామూలు గోలి కరోనాకు పనిచేస్తుందని ఊరంతా పుకారు. వాట్సాప్‌లో అదే, మెడికల్ షాపుల్లో అదే. కొందరు పెద్ద డాక్టర్లే రాసిస్తున్నారు. రోగం లేనివాళ్లు కూడా డబ్బాలకు డబ్బాలు కొని మింగుతున్నారు. అది పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. తేల్చాలంటే ఒకటే దారి. ఒప్పుకున్న రోగుల్లో సగం మందికి ఆ గోలి, సగం మందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని గోలి ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియకూడదు, మాకూ తెలియకూడదు. ఆక్సిజన్, సూదులు, మిగతా వైద్యం అందరికీ ఒకేలా జరగాలి. చివర్లో లెక్క తీస్తే నిజం బయటపడుతుంది.

ఇది చేయడానికి మనుషులు లేరు. జూనియర్ డాక్టర్లు వార్డుల్లో నిలువునా కరిగిపోతున్నారు. అప్పుడు ఆ పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చారు. నేను పిలవలేదు, ఆ మాట గట్టిగా చెప్తున్నాను. ఇళ్లలో లొల్లి పెట్టుకుని మరీ వచ్చారు. ఒకమ్మాయి తల్లి ఫోన్ చేసి నన్ను అరగంట తిట్టింది. ఆవిడ తిట్టిందాంట్లో తప్పేం లేదు, కాబట్టి విన్నాను.

ఆ రక్షణ సూటు వేసుకుంటే ఎవరు ఎవరో తెలిసేది కాదు. అందుకని వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్లు. కార్తీక్ తన పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో మూడు వరుసల్లో రాసుకునేవాడు. నజ్మా చిన్న అక్షరాలతో ఒక్కసారే రాసుకునేది. వాళ్లిద్దరి గురించే నేను చెప్పబోయేది. ఆ ఒక్క సంగతిలోనే ఇద్దరి స్వభావమూ మీకు తెలిసిపోతుంది.

గాజులు ఎక్కించే చెయ్యి

కార్తీక్ వాళ్లది లాడ్ బజార్‌లో తాతల నాటి గాజుల దుకాణం. బడి అయ్యాక రోజూ దుకాణంలో కూర్చుని పెరిగిన పిల్లాడు. తెలుగువాళ్లతో తెలుగు, మార్వాడీలతో హిందీ, బుర్ఖాలో వచ్చే ఆడవాళ్లతో మంచి దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు. ఎవరిని ఖాలా అనాలో, ఎవరిని అమ్మా అనాలో, ఎవరిని సేటు అనాలో వాడికి ఒకరు నేర్పక్కర్లేదు. వార్డులోకి అడుగుపెడితే చాలు, సగం మంది రోగులకు వాళ్ల నాన్న నర్సింగరావు తెలిసుండేవాడు.

నజ్మా జల్‌పల్లి నుంచి వచ్చేది. వాళ్ల నాన్న వడ్రంగి. తెలుగు మీడియంలో చదివి సీటు తెచ్చుకున్న పిల్ల. మాట నెమ్మది. ఒక్కో రోగి దగ్గర అంతసేపు కూర్చునేది, చెప్పిందే మళ్లీ చెప్పేది, సగం మంది వద్దనేవాళ్లు. సాయంత్రానికి కార్తీక్ వార్డులో సగం మందిని చేర్చి ఉండేవాడు, నజ్మా ఒకరిద్దరితో వచ్చేది.

మొదట్లో మా కష్టాలు మాకు నవ్వు తెప్పించేవి కూడా. మందు లేని గోలిని ఇంగ్లీషులో చక్కెర గోలి అంటారు కదా అని ఒక కుర్రాడు ఒక పెద్దమ్మకు అలాగే చెప్పాడు. ఆమె లేచి కూర్చుంది. "నాకే షుగర్ నాలుగొందలున్నది, మళ్ల చక్కెర గోలి ఇస్తవా కొడుకా, సంపుతవా ఏంది?" అంది. ఆ రోజు నుంచి దాన్ని ఉత్త గోలి అనాలని మేము తీర్మానించుకున్నాం. ఆ మాట పెట్టింది నజ్మానే.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డును మేము పెద్దసారు అనేవాళ్లం. ఆయన గురించి నిజం చెప్పాలి. పెద్ద డాక్టరు, ధైర్యం ఉన్న మనిషి. తోటివాళ్లు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నప్పుడు బీపీ, షుగరు రెండూ ఉన్నా రోజూ వార్డుకొచ్చాడు. కానీ ఆయన గదిలో ఒక తెల్ల బోర్డు ఉండేది. దాని మీద మన సెంటర్లో ఎంతమంది చేరారు, మిగతా ఊళ్లలో ఎంతమంది చేరారు అని రోజూ రాయించేవాడు. ఊరు గోలీలు మింగుతోంది, జవాబు త్వరగా తేవాలి అనేది ఆయన ఆరాటం. అది మంచి ఆరాటమే. కాకపోతే రోజూ ఆ బోర్డు చూసి చూసి ఆయనకు బోర్డే కనిపించడం మొదలైంది. "కార్తీక్‌ను చూసి నేర్చుకోండమ్మా" అని అందరి ముందూ నజ్మాను అనేవాడు. ఆ పిల్ల తలొంచుకుని వినేది.

నాకు కార్తీక్ మీద అనుమానం లేదు. పిల్లాడు మోసగాడు కాదు, ఈ మాట ముందే చెప్తున్నాను. చెప్పాల్సిన ప్రతి ముక్కా రోగికి చెప్పేవాడు. ఒక్కసారి పక్కనుండి చూశాను కూడా. "ఖాలా, కైసే హై?" అని మొదలుపెట్టి, దిండు సర్ది, నీళ్లు తాగించి, ఇంటి విషయాలు అడిగి, మధ్యలో పరీక్ష సంగతి గడగడా చెప్పేసి, నవ్వుతూ పెన్ను చేతిలో పెట్టేవాడు. అంత చక్కగా మాట్లాడిన పిల్లాడి ముందు పెన్ను వెనక్కి ఇవ్వడానికి ఎవరికి చేతులొస్తాయి?

లాడ్ బజార్‌లో గాజులు కొన్నవాళ్లకు ఇది తెలుసు. ధర అడిగేలోపే దుకాణదారు మన చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కించేస్తాడు. చేతికి ఎక్కాక, అంత ఓపికగా ఎక్కించాక, తీసేయమనడానికి మనకు మొహమాటం. కార్తీక్ చేసింది అదే, తనకు తెలియకుండా చేశాడు. పదేళ్లు వాళ్ల నాన్న పక్కన కూర్చుని వాడు నేర్చుకున్న విద్య అది. కొనడానికి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపకూడదు.

ఫోనులో విన్న మాట

ఈశ్వరయ్య సేటు గుడిమల్కాపూర్‌లో పూల హోల్‌సేల్ వ్యాపారి. చామంతి, బంతి, కనకాంబరం లారీలకు లారీలు దించుకునే మనిషి. లాక్‌డౌన్‌లో పూలన్నీ కుళ్లి, దిగులుతోనో తిరుగుళ్లతోనో జబ్బు తెచ్చుకుని మా వార్డుకొచ్చాడు. భారీ మనిషి, గట్టి గొంతు. ఆక్సిజన్ పెట్టి, రోజులో ఎక్కువసేపు బోర్లా పడుకోమని చెప్పాం. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తులకు గాలి బాగా అందుతుంది. అప్పట్లో మా చేతిలో ఉన్న మంచి మందుల్లో అదొకటి, పైసా ఖర్చు లేనిది. ఆయన పొట్టకు అది పెద్ద శిక్ష, అయినా మొదట రెండ్రోజులు విన్నాడు.

కార్తీక్ ఆయన్ను పరీక్షలో చేర్చాడు. నర్సింగరావు కొడుకు అనగానే సేటు సంతకం పెట్టేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం నజ్మా పక్క మంచం రోగికి నాడి చూస్తోంది. వార్డులోకి ఇంటివాళ్లను రానివ్వరు కాబట్టి రోగులు ఫోనులోనే మాట్లాడుకునేవాళ్లు, స్పీకర్ పెట్టి గట్టిగా మాట్లాడేవాళ్లు. సేటు మాస్కు పక్కకు జరిపి భార్యతో ఇలా అంటున్నాడు.

"ఫికర్ జెయ్యకు. మన గాజుల నర్సింగరావు కొడుకు ఈడనే డాక్టరు. అందరికి ఇయ్యని కొత్త మందు నాకు ఇప్పిస్తున్నడు. మస్తు మందు అది, బయట దొర్కుతలేదు. ఇగ బోర్ల పండుడు గిట్ల నాకెందుకు? అది మందు లేనోళ్లకు."

నజ్మా ఆయన వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. పొద్దుటికంటే తగ్గింది. నర్సును అడిగితే, రెండ్రోజులుగా ఆయన బోర్లా పడుకోమంటే వినట్లేదని చెప్పింది.

సాయంత్రం నా గది బయట నిలబడి ఉంది ఆ పిల్ల. లోపలికి రమ్మంటే రాదు, వెళ్లమంటే వెళ్లదు.

"మేడం, ఒక మాట జెప్పాలె. కార్తీక్ మీద చాడీ జెప్తున్న అనుకోవద్దు. వాడు నాకు దోస్తు."

"చెప్పు ముందు. చాడీనో కాదో నేను చూసుకుంటా."

చెప్పింది. నేను కుర్చీలో వెనక్కి వాలాను. నాకు తోచింది ఒక్క సేటు గురించి కాదు. ఈ మనిషి ఒక్కడే ఇలా అనుకుంటున్నాడా, లేక కార్తీక్ చేర్చిన వాళ్లందరూ ఇలాగే అనుకుంటున్నారా? అలా అనుకుని ఇంకెంతమంది బోర్లా పడుకోవడం మానేశారు? ఉత్త గోలిని నమ్ముకుని ఒక మనిషి ఊపిరి పోగొట్టుకుంటే ఆ పరీక్ష ఎందుకు, మేమెందుకు?

"వాళ్లకు అర్థమైందో లేదో ఎట్లా తెలుసుకుందాం?" అన్నాను. "అర్థమైందా అని అడిగితే అందరూ అయింది అనే అంటారు."

"అడగొద్దు మేడం. ఇంటికి ఫోన్ జేసి మీరే జెప్పున్రి అందాం. మనం పక్కనుండి ఇందాం. మనకు జెప్పేటప్పుడు మనం ఖుష్ అయ్యే మాట జెప్తరు. ఇంటోళ్లకు జెప్పేటప్పుడు వాళ్లకు సమజైందే జెప్తరు."

ముప్పై ఏళ్లకు పైగా నేను రోగి సమ్మతి గురించి పాఠాలు చెప్పాను, విన్నాను, కమిటీల్లో కూర్చున్నాను. ఇంత తేలికైన మాట ఎవరూ అనగా వినలేదు. నాకు ఆ పిల్లను లేచి వాటేసుకోవాలనిపించింది. కరోనా రోజులు కాబట్టి బతికిపోయింది.

మంచం మంచానికీ

మర్నాడు పొద్దున్నే కార్తీక్‌ను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లాను. ఎందుకో చెప్పలేదు. వాడు చేర్చిన ఒక్కొక్కరి చేత ఇంటికి ఫోన్ చేయించాం.

ఒకామె కూతురితో, పెద్ద డాక్టరమ్మ నన్ను చూసి ముచ్చటపడి మందు రాసింది అని చెప్పింది. నేనామెను చూడటం అదే మొదటిసారి. ఇంకొకాయన, సంతకం పెట్టకపోతే మంచం ఖాళీ చేయమంటారని తమ్ముడితో చెప్పాడు. ఒక రిటైర్డ్ టీచరు మాత్రం పొల్లు పోకుండా మొత్తం చెప్పాడు, మధ్యలో కార్తీక్ ఉచ్చారణ కూడా సరిదిద్దాడు. మిగతావాళ్లవి ఒకటే పాట. మంచి పిలగాడు అడిగిండు, ఒప్పుకున్నం.

కార్తీక్ మొహం మాస్కు వెనక ఉంది, నాకు కనపడలేదు. బయటికొచ్చి సూటు విప్పాక చూశాను. మెట్ల మీద కూలబడి ఉన్నాడు, జుట్టంతా చెమట.

"మేడం, నేను అబద్ధం జెప్పలే. అన్ని జెప్పిన."

"నువ్వు అబద్ధం చెప్పలేదురా. నాకు తెలుసు. కానీ నువ్వు చెప్పలే, అమ్మినవ్."

వాడు ఏడ్చాడు. నేను ఏడవనిచ్చాను. డాక్టరయ్యేవాడు ఒక్కసారైనా తను చేసిన పనికి ఏడవాలి, అది లేనివాళ్లను చూస్తే నాకు భయం.

పెద్దసారు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. అందరినీ మళ్లీ మొదటినుంచి అడగాలి, రోగుల తరఫున పరీక్షల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి తెలపాలి అన్నాను.

"మళ్లీ అడిగితే సగం మంది పోతరమ్మా. సెంటర్ మూసుకోవాల్సొస్తది" అన్నాడు. "బయట జనం ఆ గోలి మింగి చస్తున్నరు. మనం ఆలస్యం చేస్తే వాళ్ల సంగతేంది?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఆ పూట మేమిద్దరం అంత గట్టిగా వాదించుకున్నాం. చివరికి నేను, "సార్, కమిటీకి ఫోన్ మీరు చేస్తే బాగుంటుంది. మీరు చేయకపోతే నేను చేస్తా. రెండిట్లో ఏదైనా ఇవాళే" అన్నాను. ఆయన నన్ను చూశాడు, బోర్డు చూశాడు. తరవాత లేచి డస్టర్ తీసుకుని బోర్డు మొత్తం తుడిచేశాడు. ఫోన్ ఆయనే చేశాడు. ఆయన మీద నాకెన్ని ఫిర్యాదులున్నా ఆ ఒక్క పనికి నమస్కారం పెడతాను. మీకు మంచి బాసు దొరకడం కష్టం. తప్పని తెలిశాక తిరగగలిగే బాసు దొరికితే చాలు.

కార్తీక్ మానేస్తానన్నాడు. నజ్మాతోనో ఇంకెవరితోనో అడిగించండి, నేను మళ్లీ వాళ్ల మొహాలు చూడలేను అన్నాడు.

"సరే అనిపించింది నువ్వు. వద్దంటే వినాల్సింది కూడా నువ్వే" అన్నాను. వాడు లేచి సూటు తొడుక్కున్నాడు.

ఈశ్వరయ్య సేటు దగ్గరికి వెళ్లేటప్పుడు నేను తలుపు దగ్గర ఆగాను. వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈసారి దిండు సర్దలేదు, నాన్న పేరు ఎత్తలేదు. పెన్ను జేబులోనుంచి తీయలేదు.

"సేటు, మొన్న నేను మీకు మంచిగ సమజయ్యేటట్టు జెప్పలే. ఇప్పుడు జెప్త. మీకిచ్చే గోలిల మందు ఉండొచ్చు, లేకపోవచ్చు. సగం మందికి ఉత్త గోలి."

"అంటే నాకు ఉత్తదే ఇస్తున్నరా?"

"నాకు తెల్వదు సేటు. ఎవ్వరికి తెల్వదు. చిట్టీ ఏసినట్టు."

"నీకు తెల్వనిది నా నోట్లె ఎట్ల ఏసినవ్ రా?" సేటు గొంతు వార్డంతా వినపడింది, అంతటి ఆయాసంలోనూ. "నీ నాయిన మొకం జూసి సై అన్న. నాకు స్పెషల్ మందు అని ఇంట్ల అందరికి జెప్పుకున్న. నాకొద్దు. నీ గోలీలు నువ్వే తీస్కపో."

నేను తలుపు దాటి లోపలికి వెళ్లలేదు. ఇక్కడ బతిమాలితే మొత్తం పోయినట్టే. వాడు ఒక్క మాట బతిమాలాడా, ఈ పిల్లాడికి నేను నేర్పగలిగింది ఇక లేదు.

"మంచిది సేటు. ఒద్దంటే ఒద్దు" అన్నాడు కార్తీక్. "మీ వైద్యంల ఏం మారదు. ఆక్సిజన్, సూదులు అన్ని గట్లనే నడుస్తయి. నేను రేపు మళ్ల ఒస్త."

"ఇగ నువ్వెందుకు ఒస్తవ్? నేను నీ లెక్కల లేను గదా."

"మిమ్మల్ని బోర్ల పండవెట్టనీకి."

సేటు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కార్తీక్ మర్నాడు వెళ్లాడు. ఆ తరవాత రోజూ వెళ్లాడు. పొట్ట కింద ఒక దిండు, ఛాతీ కింద ఒక దిండు పెట్టి, ఇద్దరు వార్డు బాయ్‌ల సాయంతో ఆ భారీ మనిషిని బోర్లా తిప్పేవాడు. సేటు మాట్లాడేవాడు కాదు, తిప్పుతుంటే తిట్టేవాడు కూడా కాదు. కొన్నాళ్లకు, "జర మెల్లగ తిప్పు, గోనె సంచిననుకున్నవా" అన్నాడు. ఆ మాట వినగానే వాడు నా గదికి పరిగెత్తుకొచ్చి చెప్పాడు, ఏదో మెడల్ వచ్చినట్టు.

సేటు కోలుకుని ఇంటికి వెళ్లాడు. వెళ్లేరోజు కార్తీక్‌ను పిలిచి, "నేను గుస్స అయిన అని మీ నాయినకు జెప్పకు" అన్నాడట.

పోయినవాళ్లు, మిగిలినవాళ్లు

మళ్లీ అడిగినప్పుడు పెద్దసారు భయపడ్డంత మంది పోలేదు. నేను ఆశపడ్డంత తక్కువ మందీ పోలేదు. కొన్ని వారాలు మా సెంటర్ అన్నిటికంటే వెనకబడింది. పైనుంచి ఫోన్లు వచ్చాయి, పెద్దసారు ఓపిగ్గా సమాధానం చెప్పాడు. కమిటీ మమ్మల్ని మందలించింది, మందలించాల్సిందే. సెంటర్ మాత్రం మూతపడలేదు.

అప్పటినుంచి మా దగ్గర ఒకటే పద్ధతి. రోగి ఇంటికి ఫోన్ చేసి తన మాటల్లో చెప్పాలి, ఇంట్లోవాళ్లు ప్రశ్నలు అడగాలి, అప్పుడే పెన్ను బయటికి తీయాలి. పిల్లలు దానికి నజ్మా ఫోన్ అని పేరు పెట్టారు. ఆ పిల్ల ముందు సిగ్గుపడింది, తరవాత అలవాటు పడింది. కొత్తగా వచ్చే వాలంటీర్లకు నేర్పేది ఆమే. నెమ్మదిగా మాట్లాడటం లోపం కాదని పెద్దసారు ఒకరోజు అందరి ముందూ ఒప్పుకున్నాడు, ఆయనకు తోచిన భాషలో. "ఈ అమ్మాయి ఒక్కరిని తెచ్చినా, తెచ్చిన మనిషి పోడు" అన్నాడు.

నిజమే, అలా చేరినవాళ్లు మధ్యలో పోలేదు. ఇంటికెళ్లాక కూడా మా ఫోన్లు ఎత్తారు, అడిగిన రోజున వచ్చి రక్తం ఇచ్చారు. ఇంకో ఊళ్లో పరీక్ష నడుపుతున్న ఒక డాక్టరు, మీ రోగులు అంత నిలకడగా ఎట్లున్నారని అడిగితే, నజ్మాకే ఫోనిచ్చాను. అంత పెద్ద డాక్టరు, సందేహం మీద సందేహం అడిగి రాసుకున్నాడు. నేను పక్కన కూర్చుని బిస్కెట్టు తిన్నాను. ఉద్యోగంలో నేను తిన్న మంచి బిస్కెట్లలో అదొకటి.

ఫలితం వచ్చింది. ఆ గోలి పనిచేయదు. అది తిన్నవాళ్లకూ ఉత్త గోలి తిన్నవాళ్లకూ తేడా లేదు.

పిల్లల మొహాలు వాడిపోయాయి. అన్ని నెలలు చెమటలో ఉడికింది దీనికా అన్నట్టు చూశారు. నేను వాళ్లను గట్టిగా కేకలేశాను. పనిచేయదని తేలడం ఓటమి అనుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు. ఊరంతా మింగుతున్న ఒక గోలిని ఇక మింగక్కర్లేదని చెప్పగలిగారు మీరు, అది చిన్న సంగతా? మూడో ఏడు, నాలుగో ఏడు పిల్లలు చేసిన పని అది. వాళ్ల టీచరునని చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ సిగ్గేయలేదు. ఇప్పుడు కూడా ఎవరు దొరికినా చెప్తాను, వాళ్లు అడగకపోయినా చెప్తాను.

మామూలుగా ఫలితం వచ్చాక రోగులకు ఎవరూ చెప్పరు. పత్రికలో వేస్తారు, అయిపోతుంది. కార్తీక్ ఒప్పుకోలేదు. "వాళ్ల ఒళ్లు మేడం, వాళ్లకు జెప్పకుంట ఎట్ల?" అన్నాడు. పిల్లలంతా పంచుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. గుడిమల్కాపూర్‌కు మాత్రం వాడే వెళ్లాడు. నడుమ ఎల్లిపోయినోనికి ఎందుకు జెప్తున్నవ్ అని సేటు అడిగితే, ఉన్నన్ని దినాలు ఉన్నరు గదా అన్నాడట. సేటు ఒక చామంతి దండ తీసి వాడి చేతిలో పెట్టాడు. అమ్మకు ఇయ్యి అన్నాడు.

గుడిమల్కాపూర్‌లో

ఇప్పుడు కార్తీక్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాడు. నజ్మా మా పాత ఆసుపత్రిలోనే మందుల పరీక్షలు చూసుకుంటోంది. నేను కూర్చున్న కుర్చీకి ఇంకా రాలేదు, వస్తుంది.

మా ఇంటివాళ్లు తరతరాలుగా గుడి సేవలో ఉన్నవాళ్లు. రిటైరయ్యాక ఉత్సవాలకు పూలు తెచ్చే పని నా నెత్తిన పడింది. ఈ మధ్య ఒకరోజు పొద్దున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లాను. ఈశ్వరయ్య సేటు దుకాణం ముందు జనం కిటకిట. ఆయన ఒక చేత్తో తక్కెడలో బంతిపూలు వేస్తూ, ఫోను పూలగుట్ట మీద స్పీకర్‌లో పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను ముందుకు వెళ్లబోయి ఆగాను.

అవతల ఆయన మరదలు. షుగర్ జబ్బుకు ఆసుపత్రికి వెళ్తే, కొత్త మందు పరీక్షలో చేరతావా అని అడిగారట. భయపడి బావకు ఫోన్ చేసింది.

"ఫస్టు వాళ్లు నీకేం జెప్పిన్రో నాకు జెప్పు" అన్నాడు సేటు.

"మంచి మందు ఇస్తరట బావా. ఫారిన్‌ది."

"గట్ల కాదు. గది నువ్వు అనుకున్నది. పరీక్ష అంటే ఎట్లుంటదో ఇను. సగం మందికి కొత్త మందు, సగం మందికి పాత మందు. నీకేదొస్తదో నీకు తెల్వదు, డాక్టరుకు గూడ తెల్వదు. చిట్టీ ఏసినట్టు. సమజైందా?"

"అయితే చేరొద్దంటవా?"

"నేను చేరమంటలేను, ఒద్దంటలేను. నీ ఇష్టం. మంచిగ ఆలోచన జెయ్యి. ఒద్దనిపిస్తే ఒద్దని మొకం మీదనే జెప్పు."

"ఒద్దంటే డాక్టర్లకు కోపమొస్తది గద బావా. రేపు మళ్ల వాళ్ల తాననే సూపించుకోవాలె. మంచిగ జూస్తరా ఇగ?"

సేటు తక్కెడ దించాడు. గిరాకీలు తొందరపెడుతున్నా పట్టించుకోలేదు. ఫోను చేతిలోకి తీసుకుని, స్పీకర్ తీసేయకుండానే చెప్పాడు.

"జూస్తరు. నాకెట్ల తెల్సంటే, నేను ఒద్దన్న. వార్డంత ఇనవడేటట్టు తిట్టి ఒద్దన్న. తెల్లారి గా పిలగాడే ఒచ్చి నన్ను బోర్ల పండవెట్టిండు. నేను ఇంటికొచ్చేదాంక దినాం పండవెట్టిండు."